పహణీకి కుంకుమబొట్టు

చనిపోయిన మనిషి పొలంలో విత్తనం వేస్తాడా? నవ్వకండి, జవాబు చెప్పండి. బాగేపల్లి దగ్గర మా చిన్నమ్మ సాగుచేసే మూడెకరాలు సర్కారు దృష్టిలో ఇప్పటికీ ఆమె మామగారివి. ఆయన పోయి ఇరవై ఏళ్ళు దాటింది. తర్వాత చిన్నమ్మ భర్త కూడా పోయాడు. పొలం ఎవరిదో చెప్పే పహణీ కాగితంలో మాత్రం మామగారి పేరు చెక్కుచెదరలేదు.

ఆ ఇంట్లో పహణీకి పూజ చేస్తారు. మహాలయ అమావాస్యనాడు మామగారి ఫోటో ముందు దాన్ని పరిచి, ఆయన పేరు మీద కుంకుమబొట్టు పెట్టి, వడలూ పాయసమూ నైవేద్యం పెడతారు. పేరు మారిస్తే ఆయన్ని పొలంలోంచి గెంటేసినట్టని నమ్మకం. ఊరూరా మూఢనమ్మకాల మీద వాదించి గొంతు పోగొట్టుకున్నవాణ్ణి నేను. ఆ ఇంట్లో మాత్రం ఏటా పాయసం తాగి, మూతి తుడుచుకుని వచ్చాను. చుట్టాల దగ్గర వాదనెందుకులే అనుకున్నాను.

చిన్నమ్మ ఎప్పుడూ ఇంటి విత్తనమే వేసేది. ముందటేడు పంట ఎండిపోయి విత్తనానికి కూడా కాయలు మిగల్లేదు. పోయినేడు ఆలస్యంగానైనా మంచి వాన పడింది. ఆ పదును నాలుగైదు రోజులకు మించి నిలవదు. సబ్సిడీ మీద ఇచ్చే చెనక్కాయల, అంటే వేరుశనగ విత్తనాల కోసం ఇద్దరం రైతు సంపర్క కేంద్రానికి వెళ్ళి వరసలో నిలబడ్డాం.

గుమాస్తా పహణీ చూసి అడిగాడు. "ఈయప్ప యాడుండాడమ్మా? వచ్చి వేలిముద్ర పెట్టల్ల."

"ఆయప్పను పిలుచుకోని రావల్లంటే నేనే పోవల్ల సామీ, ఆడికి."

"పొయ్యేటప్పుడు ఆధార్ కార్డు మర్చిపోవద్దమ్మా!" అని వెనకనుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. చిన్నమ్మ కూడా నవ్వింది. తెచ్చిన ఖాళీ గోనెసంచిని మడిచి చంకలో పెట్టుకుంది.

గుమాస్తా చెడ్డవాడు కాడు. వారసులు సంతకాలు పెట్టి, పేరు మార్పుకి నాడకచేరి అనే రెవెన్యూ ఆఫీసులో అర్జీ ఇచ్చిన రసీదు తెస్తే ఈసారికి విత్తనం ఇస్తానన్నాడు. చిన్నమ్మ కాక ఉన్న వారసుడు ఆమె బావ, అంటే భర్త అన్న, ఒక్కడే. ఆయనకు చింతామణిలో టమోటా మండీ. ఆ మధ్యాహ్నమే బస్సెక్కి వెళ్ళాం.

ఆయన టమోటా బాక్సుల మధ్య నిలబడే మాట్లాడాడు. "సంతకం పెట్టనంటానా అమ్మా? ఈ ఆషాఢం పోనీ. అమావాస్య దాటినంక పెడతా. ఇప్పుడు నాయిన పేరు తీస్తే ఇంట్లో ఎవురికేమవుతాదో!"

"అంతదాకా పదును ఉండదు బావా," అంది చిన్నమ్మ.

నేను అందుకున్నాను. "పెద్దనాయినా, కాగితం మీద పేరు మారిస్తే చచ్చినోళ్ళకు నొప్పి పుడతాదా?"

"నీ భాషణాలు స్టేజీ మీద పెట్టుకోప్పా. ఇన్నేండ్లు మా ఇంట్లో కూచోని పాయసం తాగితివే, అప్పుడు నీ నోరు యాడికి పోయింటాది?"

వందలమంది ముందు పండితులతో వాదించినవాణ్ణి, టమోటా బాక్సుల మధ్య తల దించుకున్నాను.

అమావాస్య తొమ్మిది రోజులకు వచ్చింది. అన్న మాట ప్రకారం ఆయన సంతకం పెట్టాడు. అప్పటికి నేల గట్టిబడిపోయింది, చెనక్కాయ అదునూ దాటిపోయింది. తర్వాత ఎప్పుడో పడిన తుంపరకి చిన్నమ్మ మూడెకరాల్లోనూ ఉలవలు చల్లింది. "పోనీలేప్పా, ఎద్దులకన్నా అవుతాది" అంది. ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. పేరు మార్పు అర్జీ ఇంకా నడుస్తూనే ఉంది. వాదించడానికి నాకిప్పుడు ఓపిక తక్కువ. అందుకే సూటిగా చెబుతున్నాను.

ఇది చదువుతున్న మగవాళ్ళలో కొందరి పొలాల్ని అన్న భార్యో, తమ్ముడి భార్యో దున్నిస్తూ ఉంటుంది. కాగితం మీద పోయినవాళ్ళ పేరే ఉంటుంది. ఆషాఢం చూడకండి, అమావాస్య చూడకండి. రేపు పొద్దున ఆమెను వెంటబెట్టుకుని నాడకచేరికి వెళ్ళండి. వానకంటే ముందే సంతకం పెట్టండి.