బాపు చూసిన ఖోఖో

నిన్న నల్లగొండ బస్టాండులో ఒకామె ఉడకబెట్టిన పల్లికాయ అమ్ముతోంది. ఆ వాసన తగలగానే కేతేపల్లి దగ్గరి మన ఊరి బడి గుర్తొచ్చింది. షబానా, సుజాతా, మీకూ గుర్తుందా?

తెలంగాణ వచ్చిన కొత్తలో మనం ఏడో తరగతి. పొద్దున్నే ఇన్ని చాయ్ నీళ్ళు తాగి, ఏమీ తినకుండా బడికి పరుగెత్తేవాళ్ళం. ఒకరోజు ఖోఖో ఆడుతూ నేను కళ్ళు తిరిగి పడిపోయాను. మర్నాటి నుంచి మన ఆటల మేడం, ఆటకు ముందు గంజు నిండా పల్లికాయ ఉడికించి, బెల్లంముక్కతో పెట్టేవారు. ఉప్పునీళ్ళు మోచేతి దాకా కారుతున్నా ఎంత ఇష్టంగా తినేవాళ్ళం!

నేను పడిన సంగతి ఎవరో చెబితే, ఆ వారంలోనే మా బాపు బడికొచ్చాడు.

"మా బిడ్డకు ఆటలొద్దు మేడం. సదువుకుంటే సాలు" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

"జరసేపు కూసొని చూడుండ్రి అన్నా. తర్వాత మీ ఇష్టం" అంటూ మేడం బాపు చేతిలోనూ గుప్పెడు పల్లికాయ పెట్టారు.

బాపు ఒలుచుకుంటూ గట్టు మీద కూర్చున్నాడు. ఆట మొదలైంది. షబానా, నువ్వెంత తరిమినా నేను దొరకలేదు. బాపు ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు.

"ఉరుకు బిడ్డా, ఉరుకు!"

మర్నాడు మనం వెళ్ళేసరికి బాపు గడ్డపారతో మైదానంలో రాళ్ళు పెకిలిస్తున్నాడు.

"గీ రాళ్ళ మీద పడితే మోకాళ్ళు పగులుతయి. జర ఆగుండ్రి, సాపు చేసిస్త" అన్నాడు.