యాక్సిడెంట్ గోలీలు

ఆ పచ్చ డబ్బా దుకాణంల కనవడితే ఇప్పటికీ నా కడుపు మండుతది.

కోస్గి నుంచి మహబూబ్‌నగర్ పోయే బస్సుల నా పక్కన కూసున్న అవ్వ, సంచిలకెల్లి దాన్ని తీసింది. "యాక్సిడెంట్ గోలీలట బిడ్డా. షుగరు, నెత్తుర్ల కొవ్వు రెండూ దించుతయట. మా తమ్ముడే అమ్ముతడు. గివి ఏసుకుంటే దవాఖాన గోలీలు అక్కర్లేదన్నడు, బంద్ జేసిన. కాళ్ల తిమ్మిర్లు మాత్రం తగ్గుతలేవు. జర సదివి చెప్పు."

డబ్బా మీద 'యాంటీ ఆక్సిడెంట్' అని పెద్దగ ఉన్నది. అడుగున చీమ తలకాయంత అక్షరాలల్ల ఇంగ్లీషుల రాసిండ్రు, ఇది మందుగా వాడొద్దని. ఉన్నదున్నట్టు చెప్పిన.

అవ్వ నా చేతిలకెల్లి డబ్బా తీసుకున్నది.

"మా తమ్మునికి గూడ షుగరే బిడ్డా," అన్నది. "నిన్న వాడు దవాఖాన గోలీ మింగుతుంటె నీళ్లిచ్చింది నేనే."