మస్తానన్న పళ్ల సెట్టు

నోటినిండా రబ్బరు ముద్దలాంటిది పెట్టి, కదలకుండా కూర్చోమన్నాడు నెల్లూరు డాక్టరు. మందు వాసన, గొంతులో వికారం. ఈ వయసులో ఇదంతా అవసరమా అని విసుగొచ్చింది. దవడ ఎముకలోకి స్క్రూలు దించి కొన్నాళ్లు ఆగాడు. ఇప్పుడు అచ్చు తీసుకుని, వాటిమీద పళ్ల సెట్టు బిగిస్తాడట. "ఇక ఊడదు పెద్దాయనా, చెరుకు ముక్క కొరికినా కదలదు," అన్నాడు. ఊడదు అన్న మాట వినగానే మస్తానన్న గుర్తొచ్చాడు. నోట్లో ఆ ముద్ద ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ కుర్ర డాక్టరు ముందు ఏడ్చేసేవాణ్ణి.

డెబ్బైల చివర్లో ఉదయగిరి, ఆత్మకూరు మధ్య తిరిగే ఒక ప్రైవేటు బస్సుకు నేను డ్రైవర్ని, ఆయన కండక్టరు. ఉదయగిరి మనిషి, నాకంటే బాగా పెద్ద. అందగాడు, ఆ సంగతి ఆయనకూ తెలుసు. చొక్కా నలగనిచ్చేవాడు కాదు. ఒక చేతిలో టిక్కెట్ల కట్ట, ఇంకో చేతిలో చిల్లర. ఈల మాత్రం ఎప్పుడూ ముందుపళ్ల మధ్యే. రెండు ఈలలైతే కదలాలి, ఒక పొడుగు ఈలైతే ఆగాలి. ఎండకు ఇంజను పక్కన ఉడికిపోతూ నేను దేన్నీ పట్టించుకునే స్థితిలో ఉండేవాణ్ణి కాదు. ఆ ఈల చెప్పినట్టు చేసేవాణ్ణి, అంతే.

నలభై అయిదు దాటకముందే ఆయన చిగుళ్లు చెడిపోయాయి. పళ్లన్నీ తీసేయక తప్పలేదు. బుగ్గలు లోపలికి పోయి, డ్యూటీకి వస్తే నేనే గుర్తుపట్టలేకపోయాను. కాలేజీ పిల్లకాయ ఒకడు "తాతా, చిల్లర," అన్నాడు. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు.

"తాతంట! నా చిన్నకొడుకు ఇంకా పలక పట్టుకోని బడికి పోతా ఉండాడు. ఏమన్నా కానీ, సెట్టు కట్టించుకుంటా అబ్బయ్యా. ఈ మొహంతో నేను జనంలో తిరగలేను," అన్నాడు.

నెల్లూరుకు తిరిగి తిరిగి కట్టించుకున్నాడు. కొత్త పళ్లతో నవ్వుతూ బస్సెక్కిన రోజు పెళ్లికొడుకులా ఉన్నాడు. కానీ అప్పటి సెట్టు చిగుళ్లమీద ఊరికే కూర్చునేది, దాన్ని పట్టి ఉంచేదేమీ లేదు. చిగుళ్లు అరిగేకొద్దీ వదులైంది. మధ్యాహ్నం దాన్ని తీసి జేబులో వేసుకుని, అన్నం మెత్తగా పిసుక్కుని తినేవాడు. ఒకసారి ఊదితే ఈలా పళ్లూ కలిసి గంపతో కూర్చున్న ఒకావిడ ఒళ్లో పడ్డాయి.

"ఇదో నాయనా, నీ పండ్లు. నాకెందుకు, నావి నాకుండాయి!" అంది ఆమె. బస్సంతా నవ్వింది. ఆయనా నవ్వాడు.

"బస్సులో తీసెయ్యరాదా అన్నా," అన్నాను తర్వాత.

"తీస్తే మళ్లా తాతనే గదరా."

ఒక మధ్యాహ్నం దుత్తలూరులో రెండు ఈలలు వినపడి బండి కదిలించాను. అందరూ దిగారనుకుని ఊదాడాయన. వెనక మెట్టుమీద ఒక అవ్వ ఇంకా దిగుతూనే ఉంది. చూసి, ఆగమని ఊదబోయాడు. సెట్టు లేచి ఈలకు అడ్డం పడింది, వట్టి గాలి వచ్చింది. జనం కేకలు విని నేను బ్రేకు వేసేసరికి అవ్వ రోడ్డుమీద పడి ఉంది, వెనక చక్రానికి జానెడు దూరంలో.

మోకాళ్లు గీసుకుపోయాయి, అంతకుమించి ఏమీ కాలేదు. "ఏం గాలేదులే నాయనా, పోండి," అంటోంది అవ్వ. ఆమెను లేపి కూర్చోబెట్టి, మస్తానన్న కూడా పక్కనే మట్టిలో కూలబడ్డాడు.

"నా సోకు నిన్ను తినేసుండేది గదవ్వా," అన్నాడు. అక్కడే, అంతమంది ముందర, పైదీ కిందిదీ తీసి చేతిగుడ్డలో మూటగట్టి జేబులో పెట్టుకున్నాడు. బస్సెక్కి, ఈలను పెదవులతో పట్టుకుని, పడిపోకుండా చేత్తో ఆనించి ఊదాడు. గట్టిగా వచ్చింది.

ఆ తర్వాత బస్సులో ఆయన నోట్లో పళ్లు నేను చూడలేదు. ఒక చేయి ఈలకే పోవడంతో టిక్కెట్లు ఆలస్యమయ్యేవి. జనం విసుక్కునేవాళ్లు, ఓనరు తిట్టేవాడు. తాతా అని పిలిస్తే "ఆఁ, చెప్పు మనవడా," అనేవాడు గానీ, ఆ పిలుపు ప్రతిసారీ గుచ్చుకునేదని నాకు తెలుసు. సాయంత్రానికి సీట్లో కూలబడితే, ఆ మొహంలో అలసట చూడలేకపోయేవాణ్ణి. నాకు ఆయన ఏ ఉపదేశమూ చేయలేదు. ఈల వినపడినా సరే, ఆఖరి మనిషి కాలు నేలకు ఆనడం అద్దంలో చూశాకే బండి కదిలించడం నేనే అలవాటు చేసుకున్నాను.

ఎనభైల్లో ఆయన పని మానుకున్న రోజు, ఆత్మకూరు బస్టాండులో టీ తాగుతూ ఉండబట్టలేక అడిగాను. "అంత మోజుపడి కట్టించుకుంటివే. బాధ లేదా అన్నా?"

"ఎందుకు లేదు? ఇంట్లో పెట్టుకోని చూసుకుంటా అప్పుడప్పుడు." చివరి గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టాడు. "అయితే అబ్బయ్యా, ఆ దుత్తలూరవ్వ ఇంకా మన బస్సే ఎక్కతా ఉండాది. ఇంకేం కావాల?"

స్టీరింగు వదిలి ఏళ్లయింది. ఇప్పటికీ ఎవరినన్నా దించి కొడుకు కారు కదిలిస్తుంటే చేయి అడ్డం పెట్టి, వెనక్కి తిరిగి చూస్తాను. "అందరూ దిగినార్లే నాయనా, ఎన్నిసార్లు చూస్తావు," అని వాడు విసుక్కుంటాడు. విసుక్కోనీ. చూశాకే పోనివ్వమంటాను.