మా నాయనమ్మ తాగిన కానుగ నూనె

నా చిన్నప్పుడు ఒళ్లంతా గజ్జి లేచింది. మా నాయనమ్మ వాగు ఒడ్డున కానుగ గింజలు ఏరుకొచ్చి, నూనె తీసి రోజూ పట్టించింది. ఆ కంపుకు బడిలో నా పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. గజ్జి మాత్రం మాడిపోయింది. అక్కడితో ఊరుకుంటే ఆమె మా నాయనమ్మ ఎందుకవుతుంది? తలలో దురద పెట్టినా కానుగ నూనే, మోకాలు వాచినా కానుగ నూనే, ఆఖరికి ఎద్దు మెడ మీద పుండుకూ అదే. ఇక ఆమెను పట్టేవాళ్లు లేకపోయారు.

ఆ వానాకాలం, నెలల పిల్లాడైన మా తమ్ముడికి దగ్గు పట్టుకుంది. ఊపిరి పీల్చినప్పుడల్లా వాడి డొక్కలు ఎగిరేవి. నాయనమ్మ ఉగ్గుగిన్నెలో కానుగ నూనె పోసుకొని వచ్చి కూర్చుంది. అమ్మకు ఇష్టం లేదు. కానీ అత్తకు ఎదురుచెప్పే నోరు ఆమెకెక్కడిది? పిల్లాణ్ని ఒళ్లో అదుముకొని ఏడుస్తోంది. అడ్డుకోకుండా అలా ఊరుకోవడం తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అప్పుడే, పిల్లాణ్ని చూసిపోదామని మా మేనత్త వచ్చింది. నాయనమ్మకు సొంత కూతురే. గిన్నె వాసన చూసింది గానీ అరవలేదు.

"అమ్మా, నీకు గూడ దగ్గున్నది గద. పెద్దదానివి, ముందు నువ్వు తాగు" అంది.

"నాకేంది భయం? చెట్టు మందు, ఏం జేస్తది?" అంటూ నాయనమ్మ గటగటా తాగేసింది.

పొద్దుగూకేదాకా వాంతులే. ఆమె తల పట్టుకొని కూర్చున్నది కూడా అమ్మే. ఈలోగా మేనత్త తమ్ముణ్ని ఎత్తుకొని బస్సెక్కి భద్రాచలం దవాఖానాకు పోయింది. వాడు బతికాడు. నాయనమ్మ మాత్రం పోయేదాకా ఒప్పుకోలేదు. ఆ ఏటి గింజలు మంచివి కావట!

కానుగ గింజలో కరంజిన్ అనే ఫ్లేవనాయిడ్ రసాయనం ఉందని, అది పురుగుల్ని చంపుతుందని, వాపు తగ్గిస్తుందని ఫార్మసీ చదువుతున్న నా మనవరాలు చెబుతుంది. అంతమాత్రాన ఆ నూనెను కడుపులోకి పోయకూడదట. "మీ నాయనమ్మ అప్పుడే పరీక్ష చేసి చూసింది గద" అని నవ్వుతుంది.

నాకు నవ్వు రాదు. చెట్టుది కదా, ఏమీ కాదని ఫోన్లో మెసేజీలు పంపేవాళ్లు ఇప్పుడు ఇంటికొకరున్నారు. అవి నమ్మి పసిపిల్లల నోట్లో ఏదో ఒకటి పోసే పెద్దలూ ఉన్నారు, పక్కన తల దించుకొని నిలబడే కోడళ్లూ ఉన్నారు. అలాంటిచోట నేను మర్యాద చూడను, అడ్డం పడతాను. "పైన రాస్తే తగ్గింది గని, లోపలికి పొయ్యమని ఎవరు చెప్పిన్రు?" అని నిలదీస్తాను. నోటిదురుసు ముసలిదని పేరొచ్చింది. రానీ. ఆ రోజు మేనత్త ఇంకాస్త ఆలస్యంగా వచ్చి ఉంటే, మర్యాద మిగిలేది, నా తమ్ముడు మిగిలేవాడు కాదు.