అతిమధురం మందు కాదనుకున్నాను

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన నాలుగో రోజు పొద్దున, రుమైథియాలో నేను పనిచేసే ఇంట్లో బియ్యం కడుగుతున్నాను. వీధిలో ట్యాంకు పోతోంది. ఉన్నట్టుండి గుండె ఒక దెబ్బ తప్పింది, తర్వాత ఒకటే దడ. చచ్చిపోతున్నాననుకున్నాను. ఆరోజు నుంచి తలుపు చప్పుడైతే చాలు, అదే దడ. నిద్ర పట్టలేదు, అన్నం సహించలేదు.

అదే ఇంట్లో వంట చేసే లిండాది ఫిలిప్పీన్స్, తండ్రి చైనా మనిషి. తన పెట్టెలోంచి గుడ్డ మూట తీసింది. గోధుమలు, అతిమధురం చెక్కలు, ఎర్రటి ఎండు రేగుపళ్ళు. మనసు నెమ్మదించడానికి వాళ్ళ నాన్న వైపువాళ్ళు కాచుకునే కషాయమట.

"రెడ్డెమ్మా, తాగు. ఖల్బ్ జైన్," అంది అరబ్బీలో, గుండె బాగవుతుందని.

మా రాయచోటిలో మేకలు తినే రేగుపళ్ళు చైనావాళ్ళకు మందా అని నవ్వాను. కానీ తాగితే కాస్త కన్ను మూతపడింది.

వారానికే గోధుమలు, రేగుపళ్ళు అయిపోయాయి. అంగళ్ళు ఖాళీ. మేం మామా అని పిలిచే ఇంటి యజమానురాలి వంటగదిలో మాత్రం అతిమధురం డబ్బా నిండా ఉంది. లిండా వద్దంటున్నా గుప్పెడేసి కాచి, పూటపూటా తాగాను. కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, పాదాలు వాచాయి, కాళ్ళలో సత్తువ పోయింది, దడ ఇంకా పెరిగింది.

అప్పుడే బాగ్దాద్ మీదుగా అమ్మాన్‌కు బస్సు ఉందని తెలిసింది. అక్కడినుంచి బొంబాయికి విమానం. మామా నా పాస్‌పోర్టు నా చేతిలో పెట్టింది. ఆ బస్సు మెట్టు ఎక్కలేక ఇక్కడే చస్తానేమోనని ఏడ్చాను.

మామాయే కారులో ఫర్వానియాలోని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. దారిలో సిపాయి తుపాకీతో అద్దం మీద కొట్టాడు. మామా నా చెయ్యి పట్టుకుంది. ఆసుపత్రికని చెబితే పోనిచ్చాడు.

డాక్టరుది హైదరాబాదు. "ఏం మందులు వాడుతున్నవమ్మా?"

"ఏమీ ల్యా సార్."

ఈసీజీ తీశారు, రక్తం తీసుకున్నారు. "బీపీ హై ఉంది, పొటాషియం బాగా లో. ఏ మందూ తీసుకుంటలేవా?"

"ఏమీ ల్యా సార్."

వెళ్ళబోయినవాడు ఆగాడు. "పోనీ, ఇంట్ల ఏమన్నా తాగుతున్నవా?"

"కసాయమే సార్. అదేం మందా?"

ఏమేం వేశానో చెప్పించాడు. అతిమధురం అనగానే ఎంత అన్నాడు. గుప్పిలి చూపించాను.

"భయంతో దడొస్తే చావవమ్మా. అతిమధురం ఎక్కువైతే ఒంట్ల పొటాషియం పడిపోతది, దీంతో చస్తవ్. కషాయం ఇయ్యాల్టితో ఖలాస్."

రెండు రోజులు అక్కడే ఉంచి పొటాషియం ఎక్కించారు. కషాయం మానేశాక వాపు తగ్గింది, మెల్లగా కాళ్ళు నిలబడ్డాయి. భయం మాత్రం తగ్గలేదు. బస్సు వచ్చిన రోజు లిండా భుజం పట్టుకుని మెట్టెక్కాను. ఆమె వాళ్ళ దేశపు బస్సు కోసం ఆగిపోయింది. ఆమె ఏమైందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు రాయచోటిలో ఉంటున్నాను. హెలికాప్టర్ చప్పుడు వింటే ఈనాటికీ చేతిలో పని ఆగిపోతుంది. గుండె మాత్రం బాగానే ఉంది.

ఒక్క మాట. డాక్టరు మందులేమిటని అడిగితే, పొయ్యి మీద కాచుకున్నది కూడా చెప్పండి. నేను రెండుసార్లు "ఏమీ ల్యా" అన్నాను. మూడోసారి అడిగే డాక్టరు అందరికీ దొరకడు.