దానిమ్మ గింజ రంగు

బుల్లియ్య కంచు కంచాలు కొట్టే మనిషి. పట్టపగలే కొలిమి పాక తలుపు మూసి, కిటికీకి గోనెపట్టా కడతాడు. వెలుతురుంటే కాలిన కంచు ఎరుపు తెలియదు. ఆ ఎరుపున్నంతసేపే కంచు సుత్తికి లొంగుతుంది. చల్లారాక కొడితే పెంకులా పగులుతుంది.

రంగు చూసి చెప్పడం ఎప్పుడూ భార్య ప్రసన్నకుమారి వంతు. "దానిమ్మ గింజైంది, కొట్టండి" అనేది. ఆవిడ శ్రావణంలో పోయింది. పోయే ముందు మనవరాలి అన్నప్రాశన కంచానికని రాగీ తగరమూ తనే తూచి, కరిగించి, బిళ్ల పోసి ఉంచింది. ఆ బిళ్లని ముట్టుకోడానికి బుల్లియ్యకి మూడు నెలలు చెయ్యి రాలేదు.

అన్నప్రాశన దగ్గరపడ్డాక ఒక్కడే కొలిమి రాజేశాడు. కంట్లో శుక్లం. ఎర్రగానే ఉందనుకుని ఇంకో దెబ్బ వేశాడు. బిళ్ల రెండు ముక్కలైంది.

కోడలు దుర్గాశ్రీ పరుగెత్తుకొచ్చేసరికి ఆయన ముక్కలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"చూడమ్మా, పగిలినచోట ఉప్మా రవ్వలా లేదూ? పోత పోసినప్పుడు అంతే. ఎర్రగా కాల్చి కొట్టి, కాల్చి కొట్టి, కొన్ని వందల దెబ్బలు పడితే ఆ రవ్వ నలిగి మెత్తటి పిండవుతుంది. అప్పుడు గట్టిపడుతుంది. ఆ దెబ్బలు పడకుండానే పోగొట్టాను, మీ అత్తయ్య పోసిన బిళ్లని."

"తూచింది అత్తయ్య గారే కదండీ మావయ్యా. మళ్లీ కరిగిస్తే ఆవిడ వేసిన రాగి ఎక్కడికి పోద్ది?"

బుల్లియ్య కంచు కరిగించే మూస కోసం చెయ్యి చాపాడు. ముక్కలు రెండూ అందులో వేశాడు.

కొత్త బిళ్ల కొలిమిలో కాలుతుంటే దుర్గాశ్రీ అత్తగారి పీట మీద కూర్చుని కళ్లు చిట్లించి చూసింది.

"పండుమిరపకాయ రంగొచ్చిందండీ, కొట్టండి!"

"దానిమ్మ గింజ అనాలే."

"మా పుట్టింట్లో పండుమిరప పచ్చడే గానీ దానిమ్మలెవరు పెట్టారండీ?"

శ్రావణం తర్వాత ఆయన నవ్వడం అదే మొదలు. నవ్వుతూనే సుత్తి ఎత్తాడు. "ఆపండి, చల్లారిపోయింది" అంటే ఆపాడు. "ఊఁ" అంటే కొట్టాడు. మూడు రోజులకి బిళ్ల పల్చబడి కంచమైంది. చివరిసారి ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచాక, వేలిమీద నిలబెట్టి గోటితో మీటాడు. మోత ఆగేదాకా ఇద్దరూ చెవి ఒగ్గి విన్నారు.

అన్నప్రాశన అయిన మర్నాడు పొద్దున బుల్లియ్య పాకలోకి వెళ్లేసరికి కిటికీకి గోనెపట్టా కట్టేసి ఉంది. పీట మీద కోడలు కూర్చుని ఉంది.

"రండి మావయ్యా. ఎండెక్కుతుంది."