విమానం గడియారానికి ఎనిమిది రోజులు

ఈ ఉదయం పది గంటల పదిహేను నిమిషాలకు గవర్నర్‌పేటలో ఒక దుకాణంలో నా చేతిగడియారానికి బ్యాటరీ వేయించుకుంటున్నాను. పక్క బల్ల మీద ఎవరో పాత గడియారం చక్రాలను పెట్రోలులో కడుగుతున్నారు. ఆ వాసనకు దేవసహాయం గారు గుర్తుకొచ్చారు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది.

పంతొమ్మిది వందల డెబ్బయ్యల్లో, డిగ్రీ తప్పి తిరుగుతున్న నన్ను ఆయన తన గడియారాల దుకాణంలో పెట్టుకున్నారు. విమానదళంలో గడియారాలు, మీటర్లు చూసి రిటైరైన మనిషి. బాగుచేసిన దేన్నీ ఎనిమిది రోజులు చూడనిదే ఇచ్చేవారు కాదు. రోజూ ఉదయం రేడియోతో పోల్చి, ఎన్ని సెకన్ల తేడా ఉందో అట్టముక్క మీద ఆ రోజు గడిలో రాయాలి. ఆదివారమూ అంతే, చర్చికి వెళ్ళేముందు. "పెళ్ళి సంబంధానిక్కూడా ఇంత విచారించరండీ" అని వచ్చినవాళ్ళు వేళాకోళం చేసేవారు. "అందుకేనండీ, నేను పెళ్ళిళ్ళు రిపేరు చెయ్యను" అనేవారాయన.

ఒకసారి ఉయ్యూరు నుంచి కరుణమ్మ గారనే ఆవిడ ఒక గడియారాన్ని రుమాల్లో చుట్టి తెచ్చారు. యుద్ధవిమానంలో పైలట్ ఎదురుగా బిగించేది. ఆవిడ భర్త నడిపిన విమానాన్ని తుక్కు కింద తీసేసినప్పుడు అది ఆయన చేతికొచ్చిందట. ఆయన పోయి ఏడాది. ఇంకో పది రోజులకు, మంగళవారం నాడు, ఇంట్లో జ్ఞాపకార్థ ప్రార్థన. ఆ రోజుకు అది నడవాలని ఆవిడ కోరిక.

నల్లటి ముఖం. ఒకసారి చావి ఇస్తే ఎనిమిది రోజులు నడుస్తుంది. అరచేతులు మూసి సందులోంచి చూస్తే అంకెలు పచ్చగా వెలిగేవి. ముఖంలో ఇంకో చిన్న ముఖం ఎందుకని దేవసహాయం గారిని అడిగాను.

"విమానం లేవగానే పైలట్ మీట నొక్కుతాడు. ఎంతసేపు ఎగిరాడో అది చెబుతుంది. ఇంధనం ఎంత మిగిలిందో దాన్నిబట్టే లెక్క. అది అబద్ధమాడితే దిగడానికి నేల దొరకదయ్యా."

సోమవారం పరీక్ష మొదలైంది. గడియారం రోజుకు ఆరు సెకన్లు ముందుకు పోతోంది. శనివారం ఆయన దుకాణం తాళంచెవి నాకిచ్చి చల్లపల్లిలో కూతురింటికి వెళ్ళారు. ఆదివారం నేను దుకాణానికి వెళ్ళలేదు. సోమవారం వెళ్ళేసరికి గడియారం ఆగి ఉంది. భయంతో కుదిపాను, నడిచింది. రేడియో విని ముళ్ళు సరిగ్గా తిప్పాను. ఆదివారం గడిలో ముప్ఫై ఆరు, సోమవారం గడిలో నలభై రెండు రాశాను.

మధ్యాహ్నం ఆయన వచ్చి రేడియో పెట్టారు. గడియారాన్ని, అట్టను మార్చి మార్చి చూశారు.

"నలభై రెండు సెకన్లు ముందుందని రాశావు. ఇది సరిగ్గా ఉందేమిటి? పొద్దుటికీ ఇప్పటికీ దీనికి బుద్ధొచ్చిందా?"

నిజం చెప్పాను.

"ఆగినప్పుడు ముళ్ళెక్కడున్నాయి?"

"చూడలేదండీ."

"చూసుంటే ముళ్ళు ఒకదానికొకటి తగిలాయో, లోపల చక్రం పట్టేసిందో తెలిసేది. దాని నోరు నువ్వే మూసేశావు." కోప్పడలేదు. గడియారాన్ని ఆపి, రుమాల్లో చుట్టి నా చేతికిచ్చారు. "ఉయ్యూరు బస్సెక్కు. ఆవిడకు నువ్వే చెప్పు."

కరుణమ్మ గారు అంతా విన్నారు. "ఏ గంటకు ఆగింది బాబూ?" అని ఆవిడా అదే అడిగారు. తెలియదన్నాను. కాసేపు గడియారాన్ని చేతిలోనే ఉంచుకున్నారు. "నడుస్తోందని ఇచ్చేసుంటే రేపు అందరి ముందూ ఆగేది. ఇలాగే పెట్టుకుంటాలే," అన్నారు.

ప్రార్థన ఆగిన గడియారంతోనే జరిగింది. తర్వాత దేవసహాయం గారు దాన్ని పూర్తిగా విప్పి, మళ్ళీ ఎనిమిది రోజులు చూశారు. ఆ ఆదివారం ఆయనకంటే ముందే వెళ్ళాను.

ఆ తర్వాత నాకు లాకుల దగ్గర కాలువ నీటిమట్టం రాసే ఉద్యోగం వచ్చింది. జ్వరమొచ్చి వెళ్ళని రోజు గడి ఖాళీగానే వదిలేవాణ్ణి. పైవాళ్ళు చీవాట్లు పెట్టారు. నింపలేదు.

ఈ ఉదయం రెండు నిమిషాల్లో నా గడియారం నా చేతికొచ్చింది. బాగుచేసినదాన్ని ఎనిమిది రోజులు ఉంచుకుని చూడడం ఇప్పుడు లేదు.